దసరా నుంచి కార్తీకం దాకా రాత్రి భోజనం అందరూ కలిసి: తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక నిమజ్జనం అయిందంటే చాలు, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వేళకు తినడం మొదలవుతుంది. బతుకమ్మ ఆటలు, దసరా ప్రయాణాలు, సెలవుల తర్వాత పరీక్షలు, దీపావళి బజారు పనులు, కార్తీక సోమవారాలు, అయ్యప్ప మాలలు, పెళ్లి ముహూర్తాలు, పల్లెల్లో వరి కోతలు, పత్తి ఏరడం అన్నీ వరసపెట్టి వస్తాయి. గిన్నెల మీద మూతలు పెట్టి "ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లు పెట్టుకోండి" అనడం అలవాటైపోతుంది. మళ్లీ అందరూ ఒకచోట కూర్చుని తినాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో నా సొంత అభిప్రాయాలూ ఉన్నాయి, నచ్చనివి పక్కన పెట్టేయవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి? వారానికి ఎన్ని రోజులు?

రెండు రాత్రులు. వారం మధ్యలో ఒకటి, శని ఆదివారాల్లో ఒకటి. రోజూ కలిసే తినాలని దసరా నాడు ఒట్టు పెట్టుకున్న ఇళ్లలో దీపావళి నాటికి ఒక్క రోజు కూడా మిగలదు.

ఆ రెండు రోజులకీ ముందు తేల్చుకోవాల్సింది ఎన్ని గంటలకు కూర్చోవాలన్నది. ఏం వండాలన్నది ఆ తర్వాత. మన ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. కలిసి తిందాం అనగానే గుత్తివంకాయ చేద్దామా, బగారన్నం చేద్దామా అన్న చర్చ మొదలవుతుంది. వంట తొమ్మిదిన్నరకు పూర్తవుతుంది. అప్పటికి పిల్లలు బిస్కెట్లతో కడుపు నింపుకుని నిద్రకు జోగుతుంటారు. ఎనిమిదింటికి కూర్చోవడం ఖాయం అనుకుంటే, ఆ వేళకు ఏది సిద్ధమైతే అదే భోజనం. చారు, అప్పడం అయినా సరే.

ఏ రోజులు ఎంచుకోవాలి? మా ఇంట్లో ఎవరి తీరిక వాళ్లది.

ఇంగ్లీషు క్యాలెండరు పక్కన పంచాంగం పెట్టుకుని చూడండి. ఈ పండగల వరస ఏటా ఒకే తేదీల్లో ఉండదు. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి అదే నెల 20న వచ్చాయి. 2026లో జ్యేష్ఠం అధికమాసం కావడంతో దీపావళి నవంబరు 8కి జరిగింది, కార్తీకం డిసెంబరు మొదటి వారం దాటేదాకా ఉంటుంది. కాబట్టి ఒక ఏడాది అక్టోబరు చివర్లో కుదిరిన ఏర్పాటు మరుసటి ఏడాది అవే తేదీల్లో కుదరదు.

ఒక కాగితం మీద ఏడు రోజులూ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ట్యూషన్లు, షిఫ్టులు, జిమ్ము, భజన, సంగీతం క్లాసు ఏవి ఉంటే అవి వేసుకుంటూ వెళ్లండి. తక్కువ గీతలు పడ్డ రోజు మీది. ఒక్క షరతు: వంట చేసే మనిషికి కుదరని రోజు మిగతా అందరికీ కుదిరినా లెక్కలోకి రాదు.

తెలంగాణలో ఉన్నవాళ్లు మహాలయ అమావాస్య నుంచి తొమ్మిది రోజులూ ఈ ఊసే పెట్టుకోకండి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా సాయంత్రాలు ఆడవాళ్లవి. ఇంట్లో మగవాళ్లు అన్నం, కూర వండి ఉంచడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను లేదు. ఇక సద్దుల నాటి రాత్రి పొయ్యి వెలిగించే అవసరమే ఉండదు. పెరుగన్నం, చింతపండు పులిహోర, కొబ్బరన్నం, నువ్వుల సద్ది, మలీద ఉండనే ఉంటాయి. చెరువు దగ్గర పంచుకోగా మిగిలినవి ఇంటికి తెచ్చి చాప పరిచి కూర్చుంటే సరిపోతుంది.

అందరం కూర్చుంటాం, కానీ మా అత్తగారు మాత్రం "మీరు కానివ్వండి" అంటూ నిలబడే ఉంటారు. ఏం చేయాలి?

ఈ పేజీ మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. వండిన మనిషి నిలబడి వడ్డిస్తూ ఉంటే మిగతావాళ్లు కలిసి తిన్నట్టు కాదు, ఇంట్లోనే హోటల్ భోజనం చేసినట్టు. మన విందుల్లో బంతులు ఉంటాయి. మొదటి బంతి, రెండో బంతి, అన్నీ అయ్యాక వంటవాళ్ల బంతి. నలుగురున్న ఇంట్లో కూడా చాలాచోట్ల అదే నడుస్తోంది. ఆఖరి బంతిలో ఒక్కరే ఉంటారు, వాళ్ల ముందుకొచ్చేది చల్లారిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన కూర.

"కూర్చోండి అత్తయ్యా" అని బతిమాలితే కూర్చోరు. ఎందుకంటే లేవాల్సిన పని ఇంకా ఉంది. ఒకరికి నెయ్యి కావాలి, ఒకరికి మంచినీళ్లు, పిల్లాడికి పెరుగు. కాబట్టి తీసేయాల్సింది ఆ పనిని. గిన్నెలన్నీ మధ్యలోకి రావాలి. నీళ్ల జగ్గు, ఉప్పు, ఊరగాయ, నెయ్యి, పెరుగు ముందే వచ్చేయాలి. ఎవరి కంచంలో వాళ్లే వడ్డించుకోవాలి. మధ్యలో ఏదైనా కావాల్సి వస్తే లేచేది అందరిలోకీ చిన్నవాళ్లు.

ఆ రెండు రాత్రులూ పుల్కాలు, పూరీలు, దోసెలు వద్దు. వేడివేడిగా ఒక్కొక్కటి వేయాల్సిన వంట ఏదైనా ఒక మనిషిని పెనం దగ్గర కట్టిపడేస్తుంది. పెసరట్లు తినాలని అంతగా ఉంటే ఇండక్షన్ పొయ్యి భోజనాల బల్ల మీదికే తెచ్చి, మనిషికి రెండేసి చొప్పున వంతులు వేసుకోండి. మాడినవి ఎవరు పోస్తే వాళ్లే తినాలి.

పెద్దవాళ్లలో కొందరికి మామగారి ముందో, కొడుకు ముందో కూర్చుని తినడం మొహమాటం. ఎన్నో ఏళ్ల అలవాటు, బలవంతపెడితే పోదు. వాళ్ల కంచం మనవడి పక్కన పెట్టండి. "నానమ్మా, కలిపి పెట్టు" అని వాడు అడిగితే కాదనరు. వాడికి ముద్దలు పెడుతూ తామూ నాలుగు ముద్దలు తింటారు. మొదటి వారానికి అంత చాలు.

ఇంకో సంగతి. ఈ ప్రశ్న ఎక్కువగా అత్తగారి గురించో అమ్మ గురించో వస్తుంది. అత్తగారు కూర్చుని కోడలు నిలబడే ఇళ్లు అంతకన్నా ఎక్కువే. వాటి గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఏం వండాలి? ఆఫీసు నుంచి వచ్చేసరికే ఏడు దాటుతుంది.

అన్నం, కలుపుకోవడానికి ఒకటి, నంజుకోవడానికి ఒకటి, పెరుగు. ఇంతకు మించి ఆ రోజు వద్దు.

ముద్దపప్పు, ఆవకాయ, మజ్జిగ పులుసు. టమాటా చారు, గుడ్డు పొరటు. తోటకూర పులుసు, వడియాలు. హైదరాబాదులో పొద్దున పూట తినే కిచిడీ, ఖట్టా రాత్రికీ బాగుంటాయి. కందిపచ్చడి చేసుకుంటే పక్కన పచ్చి పులుసు కలపండి, దానికి పోపు పెట్టడం తప్ప పొయ్యితో పనే లేదు. ఈ రోజుల్లో బజారులో చిక్కుడుకాయలు లేతగా దొరుకుతాయి. తియ్య గుమ్మడికాయ, కంద వస్తాయి. గోదావరి జిల్లాలవాళ్లకు కంద బచ్చలి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. సీతాఫలాలు ఉన్నన్నాళ్లూ భోజనం తర్వాత తీపి ఏమిటని వెతుక్కోనక్కర్లేదు. పైగా వాటి గింజలు ఊస్తూ కూర్చోవడం వల్ల ఎవరూ తొందరగా లేవరు, పనిగట్టుకుని తేవాల్సిన పండు అది.

చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం టీవీ ముందు కూర్చుని ఎవరైనా చేయగల పనులు. ఆదివారం అరగంట అందరికీ పంచండి. పొద్దున కుక్కర్ పెట్టినప్పుడే రాత్రికి కావాల్సిన పప్పు కూడా ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రం పోపు వేసి మరిగించడమే మిగులుతుంది.

కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుంటే అది ఇంటి భోజనం అవుతుందా?

అవుతుంది. ఇంట్లో అన్నం వండుకుని, సందు చివర కర్రీ పాయింట్ నుంచి ఒక వేపుడు, ఒక పప్పు తెచ్చుకోవడం మన పట్టణాల్లో ఇప్పుడు మామూలే. ప్యాకెట్లు విప్పి గిన్నెల్లోకి వంచండి, అంతే. నూనె, ఉప్పు కాస్త ఎక్కువగా ఉంటాయి కాబట్టి రోజూ మంచిది కాదు. వారానికి ఒక రాత్రి దానివల్ల ఇంట్లో వండే మనిషి కూడా కూర్చోగలుగుతుందంటే నేను దాని పక్షమే.

మా వారికి ఎనిమిదిన్నరకు అమెరికా కాల్ ఉంటుంది. అది అయ్యేసరికి పదవుతుంది.

నవంబరు కోసం చూడండి. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మన గడియారం కదలదు. దాంతో న్యూయార్క్ వేళ ప్రకారం పొద్దున 11 గంటల మీటింగు, అప్పటిదాకా మనకు రాత్రి 8.30కి ఉన్నది, 9.30కి వస్తుంది. చాలా ఇళ్లలో దీన్ని నష్టంగానే చూస్తారు, "ఇంకో గంట ఆలస్యం" అని నిట్టూరుస్తారు. నిజానికి కాల్‌కు ముందు మీకొక గంట దొరికింది. అక్టోబరులో ఏడుంపావుకు హడావిడిగా తినాల్సి వచ్చేది, నవంబరు నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఎనిమిదింటికి నిదానంగా తినవచ్చు. లండన్‌తో పనిచేసేవాళ్లకు ఈ మార్పు ఇంకాస్త ముందే, అక్టోబరు ఆఖరి ఆదివారమే వస్తుంది.

"కాల్ అయ్యాక తిందాం" అన్న మాటను మాత్రం నమ్మకండి. కాల్‌కు ముందే తినాలి.

పూర్తిగా రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లతో రాత్రి భోజనం కోసం పోట్లాడి లాభం లేదు. వాళ్లు బయలుదేరే ముందు సాయంత్రం ఐదున్నర ఆరు మధ్య పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఉంటారు. ఉప్మానో, అటుకులో, పొద్దున మిగిలిన ఇడ్లీ పిండితో ఊతప్పాలో, అదే మీ ఇంటి బంతి అనుకోండి.

కార్తీక సోమవారం నాకూ అమ్మకూ ఉపవాసం. మిగతావాళ్లు తొమ్మిదికి తింటారు. ఎలా కలవాలి?

మీ వేళకు వాళ్లను రమ్మనండి. ఉపవాసం ఉన్నవాళ్లు చుక్కను చూశాకే తింటారు కదా. నవంబరు మధ్యలో హైదరాబాదులో 5.40 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు, విజయవాడ, విశాఖల్లో ఇంకా ముందే. మబ్బు లేకపోతే ఆరున్నర లోపే చుక్క కనిపిస్తుంది. దీపం పెట్టుకుని, పూజ ముగించుకుని ఏడింటికి కూర్చోవచ్చు. వైద్యులు రాత్రి పూట త్వరగా తినమని చెప్పి చెప్పి అలసిపోయారు. కార్తీకం ఆ పనిని నాలుగైదు సోమవారాలు తానే చేయిస్తుంది. వారం మధ్యలో ఒక రాత్రి ఎంచుకోమన్నాను కదా, ఈ నెల వరకు దాన్ని సోమవారానికి మార్చుకోండి.

ఆ రాత్రి అందరికీ ఒకటే వంట, ఉల్లి వెల్లుల్లి లేకుండా. ఒక్క పూటకు ఎవరూ చిక్కిపోరు. కానీ పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషే ఐదింటికి వంటింట్లోకి వెళ్లి ఐదుగురికి వండడం ఏం న్యాయం? ఉపవాసం లేనివాళ్లు వండాలి. రాకపోతే నేర్చుకోవాలి. కొబ్బరి పచ్చడి, పెసరపప్పు కట్టు, అన్నం ఎవరైనా చేయగలరు.

గర్భిణులు, షుగరు మందులు వాడేవాళ్లు ఉపవాసం గురించి ముందే డాక్టరును అడగాలి. పండగకు పదిరోజుల ముందు అడగండి, ఆ రోజు పొద్దున కాదు.

నాన్న అయ్యప్ప మాల వేసుకున్నారు. ఆయన అల్పాహారం వేరు, మా భోజనం వేరు.

మండల దీక్ష 41 రోజులు. మలయాళ వృశ్చిక మాసం నవంబరు 16, 17 ప్రాంతంలో మొదలవుతుంది. మన దగ్గర కార్తీకం రాగానే అంతకు ముందే మాల వేసుకునేవాళ్లూ ఉన్నారు. స్వాములకు మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. కాబట్టి కలిసి తినే రోజున ఇంటిల్లిపాదీ అల్పాహారమే తినండి. ఇడ్లీ, ఉప్పుడు పిండి, గోధుమరవ్వ ఉప్మా, పళ్లు. రెండు వంటల శ్రమ తప్పుతుంది. ఒకే వరసలో కూర్చోవాలా, ఆయన ఆసనం విడిగా ఉండాలా అన్నది ఆయన గురుస్వామి చెప్పినట్టు జరగనివ్వండి. ఒకే గదిలో, ఒకే వేళకు అయితే చాలు. దీక్ష ఆయనది, తెల్లవారుజామున లేచి మడిగా వండేది ఇంకొకరు. సాయంత్రమైనా ఆ ఇంకొకరికి విశ్రాంతి ఉండాలి.

మామగారికి షుగరు, ఏడింటికల్లా తినాలి. మేం తొమ్మిదికి ముందు రాలేం.

ఆయన ఏడింటికే తినాలి. ఇన్సులిన్, మాత్రలు వేళకు కట్టుబడి ఉంటాయి, మన ముచ్చట కోసం ఆయన భోజనాన్ని వెనక్కి జరపకూడదు. ఇలాంటి ఇంట్లో రెండు బంతులు తప్పవు. మొదటి దాంట్లో తాతయ్యతో పిల్లలు, రెండో దాంట్లో ఆలస్యంగా వచ్చినవాళ్లు. ఆదివారం మాత్రం పెద్దాయన వేళకే అందరూ.

ఒకరు ఎప్పుడూ ఆలస్యమే. వాళ్ల కోసం ఆగాలా?

పావుగంట ఆగండి, తర్వాత మొదలుపెట్టండి. వచ్చిన మనిషి తింటున్నంతసేపూ పక్కన ఒకరు కూర్చోవాలి. అది ప్రతిసారీ అమ్మే కాకూడదు.

పిల్లల్ని "స్కూల్లో ఏం జరిగింది" అంటే "ఏం లేదు" అంటారు. తర్వాత ఫోన్ తీస్తారు.

ఆ ప్రశ్నకు ఎవరైనా అదే జవాబు చెబుతారు. మీ ఆఫీసులో ఏం జరిగిందని అడిగితే మీరేం చెబుతారు? చిన్నదీ, ఫలానాదీ అడగండి. బస్సులో ఈరోజు ఎవరి పక్కన కూర్చున్నావు, లంచ్ బాక్సులో కూర ఎవరు లాక్కున్నారు, తెలుగు టీచరు ఎవర్ని నిలబెట్టారు. ఇంకా మంచిది, ముందు మీ సంగతి మీరు చెప్పండి. బాస్ తిట్టిన సంగతి చెబితే వాళ్లు ఫోన్ పక్కన పెట్టి మరీ వింటారు.

పరీక్షల నెలలు కాబట్టి ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి. కంచం ముందు మార్కుల మాట, ఫీజుల మాట, ఎవరి పెళ్లి ఎప్పుడన్న మాట ఎత్తకూడదు. ఈ మూడూ వచ్చే ఇంట్లో పిల్లలు తిండి తొందరగా ముగించి గదిలోకి వెళ్లిపోతారు. దాన్ని మనం చదువు మీద శ్రద్ధ అనుకుంటాం.

ఫోన్లు వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టడం అందరికీ వర్తిస్తుంది, నాన్న వాట్సాప్‌తో సహా. టీవీ విషయంలో నేను అంత పట్టుదలగా లేను. ఇండియా మ్యాచ్ ఆఖరి ఓవర్లు అందరూ అరుస్తూ చూస్తూ తింటే అది కూడా కలిసి ఉండడమే. సీరియల్ ఒకరు చూస్తుంటే మిగతావాళ్లు గోడవైపు తిరిగి తినడం మాత్రం కాదు.

కలిసి తింటే పిల్లలు బాగా చదువుతారని పరిశోధనలు తేల్చాయంటారు. నిజమా?

అంత గట్టిగా తేలలేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ ఈట్ పేరుతో జరిగిన అధ్యయనాల్లో, ఇంట్లోవాళ్లతో తరచుగా తినే టీనేజీ పిల్లలు పళ్లు, కూరగాయలు ఎక్కువగా తింటున్నట్టు కనిపించింది. కానీ కలిసి తినగలిగే ఇళ్లకు మొదటి నుంచే కొన్ని అనుకూలతలు ఉంటాయి కదా. 2012లో కెల్లీ మ్యూసిక్, ఆన్ మెయర్ అనే సామాజికవేత్తలు అమెరికా టీనేజీ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, కుటుంబ వనరులు, తల్లిదండ్రులతో అనుబంధం లాంటివి లెక్కలోకి తీసుకుంటే ఈ లాభంలో చాలా భాగం తగ్గిపోయింది. అవన్నీ అక్కడి కుటుంబాల లెక్కలు, మన ఇళ్లకు అచ్చంగా అతకవు కూడా. ర్యాంకు కోసం కలిసి తినాలనుకుంటే మానేయండి. ఆ ఒత్తిడి పిల్లల కంచంలోకి కూడా ఎందుకు?

మాది వరి, పత్తి సేద్యం. అక్టోబరు నుంచి ఎవరు ఏ వేళకు ఇల్లు చేరతారో తెలియదు. ఇవన్నీ ఉద్యోగస్తుల మాటలు కావా?

చాలావరకు అవును. మీకు రాత్రి పూట కంటే పగటి పూటే నయం. పత్తి ఏరే రోజుల్లో సద్ది మూటలు చేను గట్టు మీదే విప్పుతారు, ఇంటివాళ్లూ కూలికి వచ్చినవాళ్లూ కలిసే తింటారు. తొక్కు ఒకరిది, కూర ఒకరిది. నగరంలో మేం క్యాలెండరు గీసుకుని సాధించాలనుకునేది మీకు అక్కడ రోజూ జరుగుతోంది.

కష్టం వడ్ల దగ్గర వస్తుంది. కొనుగోలు కేంద్రానికి చేర్చినంత మాత్రాన పని తీరదు. తేమ 17 శాతం లోపు వస్తే గానీ తీసుకోరు. అందాకా ఆరబోయాలి, ఎగదోయాలి, మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి, రాత్రుళ్లు కుప్ప దగ్గర పడుకోవాలి. ఇంట్లో మగమనిషి రోజుల తరబడి అక్కడే. ఎలాగూ టిఫిన్ క్యారియర్ పంపుతారు కాబట్టి, వారంలో ఒక సాయంత్రం దాన్ని ఇంకో రెండు గిన్నెలు పెంచి పిల్లల్ని కూడా తీసుకుని వెళ్లండి. ఒక్క జాగ్రత్త: రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో బండ్లను పడేస్తాయి. వెలుతురు ఉండగానే చేరండి, వీలైతే అక్కడి నుంచి కూడా ఆటోలోనే రండి.

పంట అమ్ముడై డబ్బు పడ్డాక ఒక ఆదివారం యాటకూర ఎలాగూ ఉంటుంది. దానికి నా సలహాలు అక్కర్లేదు.

అబ్బాయి ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు. దసరాకు వస్తాడు, అంతే.

వచ్చిన ఆ కొద్ది రోజులూ చుట్టాల ఇళ్ల చుట్టూ తిప్పకండి. వాడు మెస్‌లో తినీ తినీ వచ్చాడు, వాడికి కావాల్సింది మామూలు పప్పన్నమే. పండగనాటి పిండివంటలు వెళ్లే ముందు డబ్బాలో పెట్టి పంపినా ఇబ్బంది లేదు.

అమ్మాయి డాలస్‌లో ఉంది. వీడియో కాల్‌లో కలిసి తినడం అర్థమున్న పనేనా?

శని, ఆదివారాల్లో అర్థమున్న పనే. మన రాత్రి ఎనిమిది అక్కడ పొద్దున తొమ్మిదిన్నర, నవంబరులో గడియారం మారాక ఎనిమిదిన్నర. మనకు పెరుగన్నం, వాళ్లకు ఇడ్లీ. గంటసేపు ఫోన్ నిలబెట్టి అందరూ దాని ముందు వరసగా కూర్చుంటే ఎవరికీ తిన్నట్టు ఉండదు. పది నిమిషాలు మాట్లాడి, తర్వాత దాన్ని పక్కన ఆన్‌లోనే వదిలేయండి. వాళ్ల మిక్సీ చప్పుడు మీకు, మీ కుక్కర్ కూతలు వాళ్లకు వినపడుతూ ఉంటాయి.

అక్కడ ఉండేవాళ్లకు వేరే చిక్కు ఉంది. ఆగస్టు సెప్టెంబరుల్లో స్కూళ్లు తెరిచాక సాకర్, నాట్యం, లెక్కల క్లాసులు సాయంత్రాలను తినేస్తాయి. శనివారాలు బతుకమ్మ, దీపావళి వేడుకలకు పోతాయి. నవంబరు వచ్చేసరికి ఐదున్నరకే చీకటి పడిపోతుంది. ఆ చీకటిని వాడుకోండి. బయట ఆట ఉండదు కాబట్టి వారం మధ్యలో ఒక రోజు ఆరున్నరకే వండిన అన్నం, సాంబారుతో కూర్చోవచ్చు. క్లాసు నుంచి క్లాసుకు వెళ్తూ కారులో తినే రోజులు మిగతావి ఉన్నాయి.

ఆలస్యంగా వచ్చేవాళ్లకు అన్నం మూతపెట్టి గట్టు మీద ఉంచుతాం. పరవాలేదా?

రెండు గంటలకు మించితే వద్దు. వండిన అన్నం గది వేడిలో ఎక్కువసేపు ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం కొన్నిసార్లు మళ్లీ వేడి చేసినా పోదు. చిన్న గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చాక పొగలు కక్కేలా వేడి చేసుకోమనండి. లేదా రైస్ కుక్కర్‌ను వేడిగా ఉంచే మోడ్‌లో వదిలేయండి. చింతపండు పులుపు వల్ల పులిహోర ఎక్కువసేపు ఆగుతుంది. పండగనాటి దద్దోజనానికి, కొబ్బరన్నానికి ఆ ధీమా లేదు.

కింద కూర్చోవాలా, బల్ల మీదా?

ఇంట్లో మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చోగలిగితే అక్కడ.

కార్తీక వనభోజనాలను ఇందులో లెక్కవేసుకోవచ్చా?

ఎలాంటివన్నదాన్ని బట్టి. ఉసిరి చెట్టు నీడన వండుకుని తినడం పాత పద్ధతి. ఇప్పుడు కాలనీ సంఘాలు, ఉద్యోగ సంఘాలు, కుల సంఘాలు తోటలు అద్దెకు తీసుకుని క్యాటరింగ్ పెట్టి చేస్తున్నాయి. మైకు, తంబోలా, బఫే. అక్కడ మీ నలుగురూ నాలుగు వైపుల ఉంటారు. సరదాగానే ఉంటుంది, కానీ మీ రెండు రాత్రుల లెక్కలోకి రాదు.

మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి, గిన్నెలూ గ్యాస్ పొయ్యీ మోసుకెళ్లి చేసుకునేదైతే తప్పకుండా వేసుకోండి. అక్కడ ఒక మార్పు చేసి చూడండి. వంట, వడ్డన మగవాళ్లవి. మొదటి బంతిలో ఆడవాళ్లు, పిల్లలు. విస్తళ్లు తీసేది కూడా మగవాళ్లే. పాత్రలు తోమడం అక్కడే ముగించండి, మసిపట్టిన గుండిగలు ఇంటికి తెస్తే సోమవారం పొద్దున వాటిని ఎవరు తోముతారో మీకు తెలుసు. ఆ రాత్రికి ఇంట్లో వంట పెట్టుకోవద్దు, మజ్జిగ తాగి పడుకోండి.